ఒరేయ్ చిన్నా, తాళాలు ఇప్పుడే ఇచ్చెయ్యమాకు

ఒరేయ్ చిన్నా,

నీ మెసేజ్ రాత్రి పదకొండున్నరకి పెట్టావు, నేను పొద్దున నాలుగింటికి లేచి చూశా. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో కనపడక ఫోను మొహానికి ఆనించుకుని మరీ చదివా. "పద్నాలుగేళ్ళు చేశా అత్తా, ఏమొచ్చింది నాకు, క్రిస్మస్ అయిపోగానే సౌండు రూము తాళాలు పాస్టర్ గారి చేతిలో పెట్టేసి వెనక బెంచీలో కూర్చుంటా" అన్నావు. ఫోన్ చేస్తే నువ్వు సరే అత్తా సరే అత్తా అని పెట్టేస్తావు, ఆ సరే నాకు తెలుసు, అందుకని కూర్చుని రాస్తన్నా. పెద్దగానే ఉంటది, ఆఫీసులో చదవమాకు, ఇంటికెళ్ళి అన్నం తిని చదువు.

ముందే చెప్తన్నా, నిన్ను తిట్టడానికి రాయట్లా. దేవుడి పనికి ప్రతిఫలం అడుగుతావా అని కళ్ళెర్రజేసే రకం కాదు నేను. అట్టా అనేవాళ్ళని గుంటూర్లో బోలెడుమందిని చూశా, స్టేజి మీద కుర్చీ వెయ్యకపోతే వాళ్ళల్లో సగం మంది మీటింగుకే రారు.

మీ మావయ్య మిర్చి యార్డు దగ్గర కమిషన్ కొట్లో గుమాస్తాగా చేశాడు కదా, నీకు గుర్తుండే ఉంటది, సీజన్లో ఆయన గుమ్మంలోకి వస్తే చాలు, చొక్కా విప్పకముందే ఇంట్లో అందరికీ తుమ్ములు. ఆయన ఒక మాట అనేవాడు. కొట్లో దొంగతనం జరిగితే ఫర్లేదు, డబ్బు తగ్గుద్ది, సాయంత్రానికి తెలిసిపోద్ది. ఒకడి బాకీ ఇంకొకడి ఖాతాలో పడితేనే తలనొప్పి, ఎందుకంటే టోటల్ సరిగ్గానే ఉంటది, కానీ సంబంధం లేని రైతుని పట్టుకుని మనం పోట్లాడతా ఉంటాం అని.

నీ మెసేజ్ మూడుసార్లు చదివి నేనూ అదే పని చేశా, ఏ బాకీ ఎవరిదో వేళ్ళ మీద లెక్కేశా. వార్షికోత్సవంలో ఏసీలు కొనిచ్చినాయనకి శాలువా కప్పి, అదే మైకులో, నువ్వు పొద్దున ఆరింటి నుంచి వైర్లు లాగి సెట్ చేసిన మైకులో, నీ పేరు ఎవరూ ఎత్తకపోవడం, అది కమిటీ బాకీ. మిక్సర్ రిపేరుకి నీ జేబులోంచి పెట్టిన 4,200 ట్రెజరర్ బాకీ. వీబీఎస్, అదే వేసవి సెలవుల్లో పిల్లల బైబిలు బడి, పది రోజులు మే ఎండలో నువ్వొక్కడివే పిల్లల్ని ఆటోల్లో తెచ్చి దింపడం, అది మీ యూత్ కుర్రాళ్ళ బాకీ. ప్రమోషన్ రాకపోవడం మీ మేనేజరుది. చర్చి గడప తొక్కని నీ ఫ్రెండుకి కెనడా వీసా రావడం అసలు ఎవరి బాకీ కాదు, వాడు అప్లై చేశాడు, వచ్చింది. నువ్వు అప్లై చెయ్యనే లేదు కదరా.

ఇవన్నీ తీసి పక్కన పెడితే దేవుడి ఖాతాలో మిగిలింది ఒక్కటే, మీ నాన్న పక్షవాతం. ఆ సంగతి మెసేజ్ చివర్లో అరలైను రాశావు. మిగతా పేజీ అంతా శాలువాయే. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. వాడు నాకు తమ్ముడురా.

అందుకని ముందు మనుషుల బాకీలు మనుషుల దగ్గర వసూలు చెయ్యి. మిక్సర్ బిల్లు ట్రెజరర్ గారికి ఇవ్వు, మర్యాదగా, నలుగురిలో కాకుండా విడిగా, "అయ్యగారూ ఇది నేను పెట్టుకున్నా, ఈ నెల కుదరకపోతే వచ్చే నెల ఇవ్వండి" అను. లేదు, కానుకగా ఇస్తా అనుకుంటే కానుక అనుకుని మర్చిపో. రెండిట్లో ఏదో ఒకటి. నువ్వు చేస్తంది మూడోది, బిల్లు ఇవ్వవు, కానుకా అనుకోవు, నెలల తరబడి కడుపులో పెట్టుకుని ప్రతి ఆదివారం ఆ ట్రెజరర్ మొహం చూసి ఉడికిపోతా పాటలకి వాయిస్తావు. అట్టాగే యూత్ మీటింగులో, వచ్చే వేసవికి ఇద్దరు తోడు లేకపోతే ఆటోల పని నేను చెయ్యనని ఇప్పుడే చెప్పు. సేవ చేసేవాడు కాదు అనకూడదని ఎక్కడా రాసిలేదు. నువ్వు కాదంటే ఆ పని ఆగిపోద్దని నీ భయం, కానీ రెండు వారాలు ఆగితేనే అది ఎవరు చేస్తన్నారో వాళ్ళకి తెలిసేది.

శాలువా విషయంలో మాత్రం నా దగ్గర మందు లేదు. కొన్ని బాకీలు వసూలు కావు. లూకా సువార్త పదిహేడో అధ్యాయం తీసి చూడు, పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే థాంక్స్ చెప్పడానికి తిరిగొచ్చింది ఒక్కడే, వాడు కూడా సమరయుడు, యూదులు చిన్నచూపు చూసే జాతివాడు. ప్రభువు మిగతా తొమ్మిది మంది ఏరీ అని అడిగాడు, గమనించావా, అడిగాడు. ఆయనకీ అనిపించింది. అనిపించడం తప్పయితే ఆ మాట బైబిల్లో ఉండేది కాదు. కానీ ఆ తొమ్మిది మందికీ రోగం మళ్ళీ అంటించలా.

ఇంకోటి, నిన్న రాత్రి వాట్సాప్ స్టేటస్ పెట్టావే, "నమ్మకంగా ఉన్నవాడికి మిగిలేది సున్నా" అని, ముందు అది తీసెయ్యి. నీ దగ్గర కీబోర్డు నేర్చుకునే పిల్లలు ముగ్గురూ అది చూసే ఉంటారు. నేను భక్తి చెప్పట్లా, ఇది ఆసాపు చెప్పిన మాటే. డెబ్బై మూడో కీర్తన నువ్వు చాలాసార్లు చదివుంటావు గానీ ఆసాపు ఎవరో పట్టించుకుని ఉండవు. దావీదు రాజు కాలంలో మందసం ముందు, అంటే దేవుడి నిబంధన పెట్టె ముందు, వాయించినోడు, నీ లైనులో మనిషే. ఆయన చేతిలోనూ తాళాలే, కాకపోతే మోగించే తాళాలు. వాయించేవాళ్ళల్లో మొదటోడు, ఆయనే అంటాడు, నా కాలు జారబోయింది, దుర్మార్గులు కొవ్వెక్కి బతుకుతుంటే చూసి కుళ్ళుకున్నా, నేను శుద్ధంగా ఉండి ఏం లాభం, ఊరికే పోయింది కదా అని. నీ మెసేజ్‌కీ దానికీ పెద్ద తేడా లేదు. పదిహేనో వచనం దగ్గర మాత్రం ఆగుతాడు, దేవుడా, ఈ మాట నేను బయట అనుంటే నీ పిల్లల తరానికి ద్రోహం చేసినట్టే అయ్యేది అంటాడు. అంటే ఆ మాట లేదని కాదు, ఉంది, ఎక్కడ అనాలో అక్కడ అన్నాడు. నువ్వూ దేవుడితోనే అను. గట్టిగా అను, మేడ మీదకెళ్ళి తలుపేసుకుని అరిచెయ్యి. నాకైనా చెప్పు. పిల్లలకి వద్దు.

ఇక మీ నాన్న సంగతి. దీనికి జవాబు ఉందని చెప్తే నేను అబద్ధం ఆడినట్టే.

మీ మావయ్యకి కిడ్నీలు పోయినప్పుడు నువ్వు చిన్నోడివి. వారానికి మూడుసార్లు డయాలసిస్, తీసుకెళ్ళడం తీసుకురావడం, మధ్యలో ఆదివారం వస్తే ఆయన్ని పక్కింటి వాళ్ళకి అప్పజెప్పి నేను సండే స్కూలుకి పరిగెత్తేదాన్ని. అప్పటికి పిల్లలకి చెప్పబట్టి ఇరవై ఏడేళ్ళు. నోటితో ఎప్పుడూ అనలా గానీ లోపల ఒక అగ్రిమెంటు రాసుకున్నా, ఇన్నేళ్ళు నీ పిల్లల్ని చూశా, నువ్వు నా మనిషిని చూడు అని. ఆయన 2011లో పోయాడు. సమాధి కార్యక్రమంలో అందరూ ప్రభువు చిత్తం అంటుంటే నాకు వొళ్ళు మండిపోయింది.

నాలుగు నెలలు సండే స్కూలు మొహం చూడలా. గుడికి వెళ్ళేదాన్ని, ఆరాధన అవగానే వచ్చేసేదాన్ని. ఒక ఆదివారం, సరే ఇక రూమూ బీరువా తాళాలు ఇచ్చేద్దాం, చార్టులూ రంగు పెన్సిళ్ళూ ఇంకెవరికైనా పనికొస్తాయి అని తాళాలు కొంగుకి కట్టుకుని పెందలాడే వెళ్ళా. రూముకి తాళం. వరండాలో ఇరవై మంది దాకా పిల్లలు, గచ్చు మీద వరసగా కూర్చున్నారు. ఆరో ఏడో క్లాసు చదివే పిల్ల ఒకతి, నూనె పెట్టి రెండు జడలు వేసుకుని, హాజరు రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని పేర్లు పిలుస్తంది. పాఠం లేదు పాడు లేదు, పేర్లు పిలవడం, ఒక పాట పాడటం, ఇంటికెళ్ళడం. నాలుగు నెలల నుంచీ అంతేనంట. ఏదీ ఇటివ్వు అని రిజిస్టరు తీసుకుని చూశా. పిల్లల పేర్లన్నీ అయిపోయాక అట్టడుగున పెన్సిల్‌తో "టీచరమ్మ గారు" అని రాసుంది. పక్కన గళ్ళల్లో ఏ, ఏ, ఏ, ఏ, పదహారు ఆదివారాలు, ఒక్కటి కూడా వదలకుండా ఆబ్సెంట్ వేసింది. ఎవరూ చెప్పలా దానికి. నేను ఏం అనలేకపోయా. కొంగుకి ఉన్న తాళం విప్పి రూము తీశా. అది నా మొహం వంక చూసి పదిహేడో గడిలో పి అని రాసి, కింద పెన్సిల్ పెట్టేసింది.

ఆ పిల్ల తర్వాత గొప్పదయింది అనో నాకు కారు కొనిచ్చింది అనో చెప్తానేమో అనుకుంటన్నావు. లేదు. తర్వాత ఏడాది వాళ్ళ నాన్న పని కోసం ఎటో వెళ్ళిపోయారు, ఎక్కడుందో నాకు తెలియదు. మీ మావయ్యని ఎందుకు తీసుకెళ్ళాడో దేవుడు ఆ రోజూ చెప్పలా, ఇప్పటిదాకా చెప్పలా. నా ప్రశ్న నా దగ్గరే ఉంది. కానీ ఆ ప్రశ్నకీ ఆ వరండాలో పిల్లలకీ లింకు పెట్టడం ఆ రోజుతో మానేశా. రెండూ వేరే ఖాతాలు. ఒకటి తేలలేదని రెండోది మూసెయ్యనక్కర్లేదు.

నేను పుట్టింది ఇక్కడ కుగ్లర్ ఆసుపత్రిలోనే, మీ నాన్న కూడా అక్కడే. డాక్టరమ్మ అన్నా కుగ్లర్ అమెరికాలో డాక్టరు చదువు పూర్తిచేసి 1883లో గుంటూరొచ్చింది, అయితే ఆమెని పంపిన మిషన్ వాళ్ళు డాక్టరుగా పంపలా, వైద్యం పని పెట్టుకునే స్థితి మాకు లేదు, ఆడవాళ్ళకి చదువు చెప్పమన్నారు. ఒప్పుకుని వచ్చింది. చదువూ చెప్పింది, రోగంతో వచ్చినవాళ్ళని చూడటమూ మానలా. ఆసుపత్రి తెరిచింది 1898లో, అంటే పదిహేనేళ్ళు. ఇట్టాంటి కథ చెప్పి చివరికి ఆసుపత్రి వచ్చింది చూశారా అంటారు స్టేజీల మీద. నాకు ఆ చివర మీద ఇంట్రెస్టు లేదు, ఆసుపత్రి రానివాళ్ళ కథ ఎవడూ చెప్పడు గదా. నా ధ్యాసంతా ఆ మొదటి రెండు మూడేళ్ళ మీదే, తన డిగ్రీని ఎవరూ అడగని చోట, తెలుగు అక్షరాలు దిద్దుకుంటా, పొద్దున లేచి ఏమనుకుని బయటికి వెళ్ళేదో అని. బహుశా గుమ్మంలో ఎవరో ఒకరు బిడ్డని ఎత్తుకుని నిలబడి ఉండేవాళ్ళేమో. ఇది నా ఊహే అనుకో.

నీ గుమ్మంలో ఎవరున్నారో చూసుకో. పద్నాలుగేళ్ళు చర్చికి చేశా, సంఘానికి చేశా అంటే ఎవరూ కనపడరు, అంత పెద్ద మాటల్లో మొహాలుండవు. మైకు సరిగ్గా లేకపోతే రెండో వరసలో కూర్చునే ఆ చెవుడు తాతకి వాక్యం వినపడదు. నువ్వు సౌండు పెట్టేది ఆయనకి. అదొక్కటి పెట్టుకుని వచ్చే ఆదివారం వెళ్ళు, మిగతాది తర్వాత చూద్దాం.

ఇంకా, నువ్వు నిద్రపోవట్లా. మెసేజ్ టైములు చూస్తన్నా, పదకొండున్నర, ఒంటిగంట, మొన్న రెండున్నర. బైబిల్లో ఏలీయా ప్రవక్త చచ్చిపోతా అని బదరీ చెట్టు కింద పడుకుంటే దేవుడు ముందు ప్రసంగం చెప్పలా, దూతతో రొట్టె, నీళ్ళు పంపి తినమన్నాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు, మళ్ళీ లేపి తినిపించాడు, ఆ తర్వాతే మాట. నువ్వు శనివారం రిహార్సల్, ఆదివారం రెండు ఆరాధనలు, బుధవారం ప్రేయర్, మధ్యలో నాన్న ఫిజియోథెరపీ, ఆపైన ఉద్యోగం. ఎవడికైనా దేవుడు దూరంగానే కనపడతాడు. బుధవారం ఆ ముగ్గురు పిల్లల్లో పెద్దోడికి అప్పజెప్పు. తప్పులు వాయిస్తాడు, వాయించనీ. నీ మొదటి ఏడాది వాయింపు నేను విన్నాలే.

క్రిస్మస్ దాకా తాళాలు నీ దగ్గరే ఉంచు. అప్పటికీ అట్టాగే ఉంటే ఇచ్చెయ్యి, నేను అడ్డురాను, వెనక బెంచీలో కూర్చునేవాడిని దేవుడేం తరిమెయ్యడు. కానీ ఏడుస్తా ఇవ్వమాకు, నువ్వు పని నేర్పిన కుర్రాడి చేతిలో పెట్టి ఇవ్వు.

శనివారం పొద్దున్నే బస్సెక్కుతా, ఎనిమిదిన్నరకల్లా బెజవాడ బస్టాండులో ఉంటా, ఆటో మాట్లాడుకుని వస్తాలే నువ్వు రానక్కర్లా. గోంగూర పచ్చడి తెస్తన్నా, మీ నాన్నకి కారం తక్కువేసి విడిగా ఒక చిన్న సీసా. ఆయన్ని ఆ రోజు నేను చూసుకుంటా, నువ్వు మధ్యాహ్నం దాకా పడుకో. మిక్సర్ బిల్లు ఎక్కడ పెట్టావో వెతికి ఉంచు.

మీ అత్త