జ్వరం తగ్గింది, దగ్గు పోలేదు: మనవరాలిని ఎప్పుడు ఎత్తుకోవచ్చు?

ప్రశ్న: నా వయసు 58 ఏళ్లు. పదేళ్లుగా షుగర్ మాత్రలు వాడుతున్నాను. మా అమ్మాయికి సిజేరియన్ అయి 12 రోజులైంది. కాన్పుకు నేనే తోడున్నాను. మూడో రోజు రాత్రి నాకు చలిజ్వరం, ఒళ్లునొప్పులు మొదలయ్యాయి. పరీక్ష చేయిస్తే ఇన్‌ఫ్లుయెంజా ఏ అని వచ్చింది. అందుకని తల్లీబిడ్డలను ఆస్పత్రి నుంచి నేరుగా మా అక్కయ్య ఇంటికి పంపించాం. నాలుగు రోజులకు జ్వరం తగ్గింది. ఇవాళ్టికి తొమ్మిది రోజులైనా రాత్రిపూట పొడి దగ్గు వదలడం లేదు. దగ్గు పూర్తిగా పోయేదాకా పాప దగ్గరకు వెళ్లవద్దని కొందరు, మళ్లీ పరీక్ష చేయించి నెగెటివ్ వస్తేనే వెళ్లమని కొందరు అంటున్నారు. మా వారు మొన్న వెళ్లి పాపను ఎత్తుకుని వచ్చారు. నిన్న సాయంత్రం నుంచి ఆయనకు గొంతునొప్పి, తుమ్ములు. ఇరవై ఒకటో రోజున బారసాల పెట్టుకున్నాం. నేను మనవరాలిని ఎప్పుడు ఎత్తుకోవచ్చు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు మీ దగ్గు గురించి అడిగారు కానీ, మీ లేఖ చదువుతున్నప్పుడు నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది మీ వారి గురించి రాసిన రెండు మాటలు. అందువల్ల ముందుగా ఆయన విషయం చెబుతాను.

ఫ్లూ (ఇన్‌ఫ్లుయెంజా) సోకిన మనిషి, తనకు ఒంట్లో బాగా లేదని తెలియడానికి ఒక రోజు ముందు నుంచే వైరస్‌ను ఇతరులకు అంటించగలడు. లక్షణాలు మొదలైన తర్వాత తొలి మూడు నాలుగు రోజుల్లో ముక్కు, గొంతు స్రావాలలో వైరస్ అత్యధికంగా ఉంటుంది. మీ వారు మొన్న పాపను ఎత్తుకున్నారు, నిన్న సాయంత్రం ఆయనకు గొంతునొప్పి మొదలైంది; అంటే ఆయన పాప దగ్గర ఉన్నది సరిగ్గా ఆ ప్రమాదకరమైన వ్యవధిలోనే కావచ్చు. తెలియక జరిగిన దానికి ఎవరినీ నిందించవలసిన పని లేదు. అయితే ఆయనకు ఈరోజే పరీక్ష చేయించండి, ఫలితం ఏదైనా ఆయన ఆ ఇంటి వైపు వెళ్లకుండా చూడండి. ఫ్లూ సోకిన తర్వాత లక్షణాలు బయటపడడానికి సాధారణంగా ఒకటి నుంచి నాలుగు రోజులు పడుతుంది కనుక, ఆయన వెళ్లి వచ్చిన రోజు నుంచి కనీసం నాలుగు రోజుల పాటు తల్లినీ బిడ్డనూ జాగ్రత్తగా గమనించమని మీ అక్కయ్యగారికి చెప్పండి. కాన్పు తర్వాత రెండు వారాల వరకు తల్లికి ఫ్లూ తీవ్రమయ్యే అవకాశం మామూలు కంటే ఎక్కువ. మీ అమ్మాయికి కాస్త ఒళ్లు వెచ్చబడినా అది పాలు చేపుకు రావడం వల్లనో, కుట్ల వల్లనో అని సరిపెట్టుకోకుండా వెంటనే ఆమెకు కాన్పు చేసిన డాక్టరుతో ఫోనులోనైనా మాట్లాడాలి. ఒసెల్టామివిర్ అనే మందు లక్షణాలు మొదలైన 48 గంటల లోపు మొదలుపెడితే ఎక్కువ మేలు చేస్తుంది. లక్షణాలు రాకముందే ఆమెకు దాన్ని ఇవ్వాలా అన్నది కూడా ఆ డాక్టరే నిర్ణయించాలి కనుక, మీ వారి సంగతి ఆ డాక్టరుకు ఇప్పుడే తెలియజేయండి.

ఒకవేళ ఆమెకు ఫ్లూ వచ్చినా పాలు మాన్పించవద్దు. ఫ్లూ వైరస్ తల్లిపాల ద్వారా బిడ్డకు చేరదు, పైగా ఆ పాలలోని రక్షక పదార్థాలు బిడ్డకు అవసరం. మాస్కు పెట్టుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని పాలివ్వవచ్చు.

ఇక మీ సంగతి. జ్వరం మొదలైన రోజును సున్నాగా తీసుకుని లెక్కపెట్టాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారు ఆ రోజు నుంచి ఐదు నుంచి ఏడు రోజుల వరకు ఫ్లూను అంటించగలరు. చిన్న పిల్లలు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవారు పది రోజులు, అంతకు మించి కూడా అంటించగలరు. మీకు షుగర్ ఉంది, అవతల ఉన్నది పన్నెండు రోజుల పసికందు. అందుకే ఏడు రోజుల లెక్కతో ఆగక, పది రోజులు నిండనివ్వమని నా సలహా. పారాసిటమాల్ వేసుకోకుండానే జ్వరం లేకుండా కనీసం 24 గంటలు గడవడం కూడా తప్పనిసరి. మాత్రతో అణగిన జ్వరాన్ని తగ్గిన జ్వరంగా లెక్కించడం మా దగ్గరకు వచ్చేవారిలో తరచుగా చూసే పొరపాటు. మీ విషయంలో జ్వరం పోయి ఐదు రోజులైంది కనుక, ఎల్లుండి నుంచి మీరు మాస్కుతో పాప దగ్గరకు వెళ్లవచ్చు, చేతులు కడుక్కుని ఎత్తుకోవచ్చు. మరో ఐదు రోజులు మాస్కు తీయకండి. ముద్దులు బారసాల దాకా ఆగనివ్వండి. ఇది కూడా మీ వారి నుంచి మీకు మళ్లీ కొత్త లక్షణాలేవీ మొదలు కానప్పుడే. ఆయనది ఫ్లూ కాక వేరే వైరస్ అయితే అది మీకూ సోకవచ్చు, అప్పుడు మీ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. జ్వరం వచ్చేదాకా పాప దగ్గరే ఉన్నానన్న బాధ మీకు ఉండవచ్చు. మీ నుంచి సోకి ఉంటే లక్షణాలు బయటపడవలసిన నాలుగు రోజుల గడువు ఎప్పుడో దాటిపోయింది, పాపకు ఏమైనా అయినట్టు మీరు రాయలేదు కనుక ఆ దిగులు వదిలేయండి.

దగ్గు ఉన్నంత కాలం వైరస్ ఉన్నట్టే అన్న నమ్మకం బలంగా ఉంది కానీ, అది నిజం కాదు. ఫ్లూ వైరస్ శ్వాసనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. కఫాన్ని పైకి తోసే సన్నని నూగు ఉండే కణాలు అక్కడ రాలిపోతాయి. వైరస్‌ను శరీరం తుడిచిపెట్టిన తర్వాత కూడా ఆ పొర తిరిగి మొలవడానికి వారాలు పడుతుంది. అంతవరకు చల్లగాలి తగిలినా, పోపు ఘాటు తగిలినా, పడుకున్నప్పుడు గొంతులోకి స్రావం జారినా దగ్గు వస్తుంది. ఇలాంటి దగ్గు మూడు నుంచి ఎనిమిది వారాల వరకు ఉండడం మామూలే. దీనికి యాంటీబయాటిక్స్ పనిచేయవు.

మళ్లీ పరీక్ష విషయానికొస్తే, అది మీకు అవసరం లేదు. ఆర్‌టీ–పీసీఆర్ పరీక్ష వైరస్ జన్యుపదార్థపు ముక్కలను పట్టుకుంటుంది. ఆ ముక్క బతికున్న వైరస్‌దా, చచ్చిన వైరస్‌దా అన్నది అది చెప్పలేదు. కోవిడ్ సోకినవారిలో కొందరికి మూడు నెలల వరకు పాజిటివ్ వచ్చింది, కానీ వారు అంతకాలం ఇతరులకు అంటించలేదు. 2022 జనవరిలో మన కేంద్ర ఆరోగ్య శాఖ కోవిడ్‌తో ఇంట్లో ఉండి కోలుకునేవారికి ఏడు రోజుల గడువు పెట్టి, చివరి మూడు రోజులు జ్వరం లేకపోతే మళ్లీ పరీక్ష అక్కర్లేదని చెప్పింది కూడా ఇందుకే.

అయితే మీ దగ్గును పూర్తిగా వదిలేయమని నేను అనడం లేదు. రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే, ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా చేసే కఫం పరీక్ష చేయించుకోండి. మన దేశంలో రెండు వారాలు మించిన ప్రతి దగ్గుకూ క్షయ లేదని తేల్చుకోవాలి. షుగర్ ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం ఇతరుల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ, పసిబిడ్డ ఉన్న ఇంట్లో దాన్ని ఆలస్యంగా గుర్తించడం చాలా ప్రమాదం. తగ్గిన జ్వరం మళ్లీ వచ్చినా, పచ్చని కఫం పడినా, ఆయాసం వచ్చినా రెండు వారాల దాకా ఆగకండి. అది ఫ్లూ తర్వాత వచ్చే న్యుమోనియా కావచ్చు.

బారసాల నాటికి మీకు పద్దెనిమిది రోజులు నిండుతాయి. ఆ రోజు పాపకు ముప్పు, దగ్గుతున్న అమ్మమ్మ వల్ల కాదు. ఆ ఉదయమే ముక్కు కారడం మొదలై, “మామూలు జలుబే” అనుకుంటూ వచ్చి పాప బుగ్గలు ముద్దాడే బంధువు వల్ల. పెద్దవారికి రెండు రోజుల జలుబుగా పోయే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ నెలల పసిపాపకు ఆయాసం తెప్పించి ఐసీయూ దాకా తీసుకెళ్లగలదు. అది సోకిన పెద్దవారు మూడు నుంచి ఎనిమిది రోజుల వరకు, చిన్నపిల్లలైతే నాలుగు వారాల వరకు అంటించగలరు. కోవిడ్ అయితే లక్షణాలకు ఒకటి రెండు రోజుల ముందు నుంచి ఎనిమిది పది రోజుల వరకు. ఆరు నెలలు నిండే వరకు పాపకు ఫ్లూ టీకా వేయడానికి కూడా వీల్లేదు. కనుక జలుబు, జ్వరం ఉన్నవారు, ముఖ్యంగా వారి పిల్లలు, రావద్దని ముందుగానే ఫోన్ చేసి చెప్పండి. పిలిచి రావద్దనడం మన ఇళ్లలో ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా చెప్పండి. అక్షింతలు వేసి, ఉయ్యాలకు కాస్త దూరం నుంచే దీవించి వెళ్లమనండి. బాలింత గది కిటికీలు తెరిచి ఉంచండి. స్నానం తర్వాత వేసే సాంబ్రాణి పొగ మీ దగ్గును పెంచుతుంది, పాప శ్వాసనాళాలకూ మంచిది కాదు.

ఈ వారమంతా ఒక్క విషయం మాత్రం ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. పాప ఒళ్లు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకు మించి వేడెక్కినా, నిమిషానికి 60 సార్లు లేదా అంతకు మించి ఊపిరి తీస్తున్నా, ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, పాలు సరిగా తాగకుండా మగతగా పడి ఉన్నా, పెదవులు నీలిరంగుకు తిరిగినా, మందుల షాపులో సిరప్ కొనకుండా, తెల్లవారే దాకా ఆగకుండా, పిల్లల డాక్టరు ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి.