పాత వీధి ఫోటో, ఇప్పటి ఫోటో ఎందుకు కలవవు?

పాత వీధి ఫోటోను అదే చోటి నుంచి ఇప్పుడు మళ్లీ తీసి రెండూ ఒకదానిపై ఒకటి పెడితే, ఎంత జూమ్ చేసినా పాత ఫోటోలోని భవనాల మీద మీ ఫోటోలోని భవనాలు సరిగ్గా కూర్చోవడం లేదని అడిగారు. తప్పు జూమ్‌ది కాదు, మీరు నిలబడిన చోటుది. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది.

నేను ఎంచుకున్నది ఒక కూడలి ఫోటో. మొదటి రెండుసార్లు ఎడమ అంచున ఉన్న మేడను పాత ఫోటోలో ఉన్నంత పరిమాణంలో తీసుకుని సంబరపడ్డాను. ఇంటికొచ్చి రెండూ ఒకదానిపై ఒకటి పెట్టి చూస్తే మేడ కలిసింది, దాని వెనక గడియార స్తంభం మాత్రం చిన్నదై పక్కకు జరిగింది. జూమ్ చేస్తే దగ్గరిదీ దూరానిదీ ఒకే లెక్కన పెరుగుతాయి. వాటి మధ్య నిష్పత్తి మారాలంటే కాళ్లు కదలాలి.

మూడోసారి లెన్స్ సంగతి వదిలేసి, దగ్గరిదొకటీ దాని వెనక దూరానిదొకటీ కలిసి కనిపించే జంటల కోసం వెతికాను. పాత ఫోటోలో దగ్గరి మేడ మూల, వెనక భవనం రెండో కిటికీని సగానికి కోస్తోంది. నా కంటికీ అలాగే కోసేవరకు పక్కకు జరిగాను. కుడివైపు కూడా ఇలాంటి జంట ఒకటి పట్టుకుంటే, ఆ రెండు చూపులూ కలిసే చోటే మీరు నిలబడాల్సిన చోటు. అమెరికా పశ్చిమ ప్రాంతాల పాత సర్వే ఫోటోలను 1977-79లో మళ్లీ తీసిన ఫోటోగ్రాఫర్ మార్క్ క్లెట్ బృందం చేసిందీ దాదాపు ఇదే. పోలరాయిడ్ ప్రింటు అక్కడికక్కడే తీసి, పాతదానితో కొలతలు సరిచూసుకునేవారు.

ఎత్తు చాలామంది మరచిపోతారు. నేల చదునుగా ఉంటే పాత ఫోటోలో దగ్గరి మనుషుల తలలూ దూరపు మనుషుల తలలూ ఒకే గీత మీదకు వస్తున్నాయేమో చూడండి. వస్తే కెమెరా మనిషి ఎత్తులో ఉన్నట్టు. నా పాత ఫోటోలో దూరపువాళ్ల తలలు పైపైకి పోయాయి, అంటే అప్పటి ఫోటోగ్రాఫర్ మేడెక్కాడు. ఎదుటి భవనం వాళ్లను బతిమాలి నేనూ మొదటి అంతస్తు వరండాలోకి వెళ్లాను.

ఫోనును పైకి వంచకండి, గోడలు లోపలికి వాలిపోతాయి. పాత పెట్టె కెమెరాల్లో ఫోటో పడే పలకను నిలువుగానే ఉంచి లెన్సును పైకి జరిపేవారు. మీరు నిటారుగా పట్టుకుని తీసి, తరువాత కింది భాగం కత్తిరించండి.

మరీ పాత ఫోటో అయితే కుడి ఎడమలు తారుమారయ్యాయేమో బోర్డుల మీది అక్షరాలు చూసి తేల్చుకోండి. ఫోటోగ్రఫీ ఆద్యుల్లో ఒకడైన ఫ్రెంచివాడు దగ్యేర్ 1838లో తీసిన పారిస్ వీధి ఫోటో అలా అద్దంలో చూసినట్టే ఉంటుంది. అందులో వీధి ఖాళీగా కనిపించేది జనం లేక కాదు. ఫోటో పడడానికి నిమిషాలు పట్టింది, కదిలేవాళ్లెవరూ అందులో పడలేదు. కదలకుండా నిలబడి బూట్లు పాలిష్ చేయించుకుంటున్న మనిషి మిగిలాడు.

ఇంకొకటి. నా పాత ఫోటోలో ఆ మేడకు నాలుగు మెట్లున్నాయి, ఇప్పుడు ఒకటిన్నర. మెట్లు ఎక్కడికీ పోలేదు, రోడ్డు పొర మీద పొరగా పెరిగింది. మీ పాత ఫోటో రోడ్డు మీద నిలబడి తీసినదైతే, అంత మేర కెమెరాను కిందికి దించాలి, మోకాళ్లు సహకరిస్తే.