పచ్చగా మెరిసేదంతా వైరస్సేనా?

ప్రశ్న: జీఎఫ్‌పీ (పచ్చగా మెరిసే ప్రోటీన్) జన్యువు చేర్చిన జపనీస్ మెదడువాపు వైరస్‌తో ఎలుకల మీద పనిచేస్తున్నాం. వైరస్ ఎక్కించని ఎలుక మెదడు ముక్కల్లోనూ పచ్చటి మచ్చలు కనిపిస్తున్నాయి. మరోపక్క, వైరస్ ఉన్నట్టు యాంటీబాడీ పరీక్ష చూపిన కొన్ని కణాల్లో పచ్చటి వెలుగే లేదు. ఎందుకు?

జవాబు: ముందు ఫిల్టర్ మార్చి ఎరుపులో చూడండి. అదే మచ్చ అక్కడా వెలిగితే అది జీఎఫ్‌పీ కాదు. ముసలి ఎలుకల న్యూరాన్లలో పేరుకునే, తనంతట తానే మెరిసే లిపోఫుసిన్ అనే వ్యర్థం కావచ్చు, నాళాల్లో మిగిలిన రక్తం కావచ్చు. గుండె ద్వారా సెలైన్ పంపి రక్తమంతా కడిగాకే కణజాలం చెడకుండా నిలిపే 4 శాతం పారాఫార్మాల్డిహైడ్ ఎక్కించాలి. దాని బదులు మెథనాల్ జోలికి పోకండి, ఉన్న వెలుగూ ఆరిపోతుంది.

రెండోది, అంటే వైరస్ ఉన్నా వెలుగు లేకపోవడం, అసలు చిక్కు. ఈ వైరస్ ఆర్‌ఎన్‌ఏ మొత్తం దాదాపు 11 వేల అక్షరాలే (న్యూక్లియోటైడ్లు). దాని మీద 720 అక్షరాల జీఎఫ్‌పీ అదనపు మోత. పెరిగేకొద్దీ ఆ మోత దించేసుకున్న వైరస్‌దే పైచేయి అవుతుంది. జీఎఫ్‌పీ చేర్చిన చోటుకు అటూ ఇటూ ప్రైమర్లు (ఆ చోటును గుర్తించే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) పెట్టి, ఎక్కించిన వైరస్ స్టాక్‌కూ మెదడు ఆర్‌ఎన్‌ఏకూ ఆర్‌టీ-పీసీఆర్ (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, ఆ భాగాన్ని పెంచి చూసే పరీక్ష) చేయండి. జెల్ మీద పొట్టి బ్యాండ్ వస్తే జన్యువు జారిపోయినట్టే.

ఇంకోటి, జీఎఫ్‌పీ కణంలో రోజుకు పైగా నిలుస్తుంది, కాబట్టి వెలుగు ఉన్నంత మాత్రాన వైరస్ బతికున్నట్టు కాదు. బతికున్న వైరస్ ఎంతో తేల్చడానికి ప్లాక్ పరీక్ష (కణాల పొరలో వైరస్ చేసిన ఖాళీ మచ్చలను లెక్కించడం) చేయాల్సిందే.