సినిమా తీయబోయే మనవరాలికి

పాపా,

నువ్వు మిస్టరీ సినిమా తీస్తున్నావని మీ నాయన ఫోన్లో చెప్పాడు. తిరుపతిలో హాస్టల్ పిల్ల ఒకతె కనపడకుండా పోతే, వాళ్ళక్క ల్యాప్‌టాప్ తెరిచి వెతికే కథంట కదా. నిద్రపోతున్న మీ అవ్వను లేపి మరీ చెప్పాను. ఆ తర్వాత నాకే నిద్ర పట్టలేదు.

మైకు మంచిది తెచ్చుకో. కొండ మీద డ్రోన్ మాటే ఎత్తొద్దు. కనపడకుండా పోయిన పిల్లగా స్నేహితురాలి ఫోటో పెడితే, వాళ్ళింట్లో వాళ్ళని కూడా అడుగు. నెట్లోకి పోయిన ఫోటో మళ్ళీ మన చేతికి రాదు తల్లీ.

నువ్వు చెప్పిన 'సెర్చింగ్' రెండుసార్లు చూశాను. 2018లో అనీష్ చాగంటి తీసిన ఆ సినిమా అంతా కంప్యూటర్, ఫోను తెరల మీదే నడుస్తుంది. కూతురు మార్గో కనపడకుండా పోతే, తండ్రి డేవిడ్ ఆ పిల్ల ల్యాప్‌టాప్ తెరిచి, పాస్‌వర్డ్లు ఒక్కొక్కటే మార్చుకుంటూ లోపలికి పోతాడు. ఫ్రెండ్స్ అనుకున్నవాళ్ళకి ఫోన్ చేస్తే ఎవరికీ మార్గో సరిగ్గా తెలీదు. ఆన్‌లైన్లో ఆ పిల్లతో స్నేహం చేసిన మనిషి ఫోటో కూడా ఎవరో మోడల్‌ది. తెర అబద్ధం చెప్పలేదు, తెర వెనక ఒక మనిషి చెప్పాడు.

ఇది నాకు బాగా తెలుసు. 1994లో మా బ్యాంకు చిత్తూరు బ్రాంచికి కంప్యూటర్లు కొత్తగా వచ్చాయి. బెల్లం మండీలో లెక్కలు రాసే పెద్దాయన ఒకరు, కట్టిన 2,400 రూపాయలు ఖాతాలో పడలేదని స్లిప్పు పట్టుకుని వచ్చాడు. "కంప్యూటర్లో లేదంటే కట్టనట్టే" అన్నాను, అందరూ వినేటట్టు. ఆయన స్లిప్పును నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నాలుగు రోజులు వరసగా వచ్చి నా కౌంటర్ ఎదురు బెంచీ మీద కూర్చున్నాడు. ఒక్క మాట అడగలేదు. రోజువారీ మొత్తం సరిపోతోంది కాబట్టి నాకు అనుమానమే రాలేదు. డబ్బు వేరే ఖాతాలో పడితే మొత్తం ఎందుకు తేడా వస్తుంది? అయిదో రోజు దొరికింది. ఖాతా నంబరులో రెండు అంకెలు తారుమారయ్యాయి. కొట్టింది నేనే.

చెబితే ఆయన, "పోనీలే సార్, మిషను కదా" అన్నాడు. మిషను కాదు, నేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కూతురి ఫీజు కోసం ఆ వారంలోనే కమ్మలు కుదువ పెట్టాడని తర్వాత తెలిసింది.

అందుకే చెబుతున్నా, నీ కథలో చివరికి తప్పు ఫోను మీదకి తోసెయ్యకు. నంబరు కొట్టిన వేళ్ళు చూపించు. బెంచీ మీద కూర్చున్నవాణ్ణి కూడా చూపించు.

రాత్రి షూటింగ్ ఉంటే ఒంటరిగా ఆటో ఎక్కొద్దు. రూముకి చేరగానే ఫోన్ చెయ్, ఎంత రాత్రయినా సరే. మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు, నీ గొంతు వినాలి. మీ అవ్వ నీకోసం అరిసెలు చేసి డబ్బాలో పెట్టింది.

తాత