సొర గింజ నిండుగా కనిపించినా మొలవట్లేదు, ఎందుకు?

ప్రశ్న: మా దేశవాళీ సొరకాయల నుంచి సొంతంగా గింజ తీశాం. గింజ పెద్దగా, పెంకు గట్టిగా ఉన్నా ప్రోట్రేల్లో (నారు పెంచే గుంతల ట్రేల్లో) సగం కూడా మొలవలేదు. మొలిచిన వాటిలో కొన్నింటికి పెంకు టోపీలా ఆకులకే అంటుకుపోయింది. ఏం చేయాలి?

జవాబు: తీగజాతి కూరగాయల్లో గింజ సైజు చూసి ముదిరిందో లేదో చెప్పలేం. పూత నిలిచాక ముందు పెరిగేది పెంకే. అది పూర్తి సైజుకు వచ్చేసరికి లోపలి పిండం ఇంకా చిన్నదే. ఆ తర్వాతి వారాల్లో గానీ పప్పు నిండదు. ఈలోగా కాయ కోస్తే మీకు మిగిలేది తాలు. మిగిలిన గింజల్లో ఇరవై తీసి బ్లేడుతో నిలువునా కోయండి. తెల్లటి పప్పు పెంకు నిండా ఉండాలి. నీళ్లలో తేలినవన్నీ తాలని మాత్రం పారేయకండి. సొర పెంకులో గాలి నిండిన బెండు పొర ఉంటుంది, మంచి గింజ కూడా తేలుతుంది. అన్నట్టు, ధ్రువీకరణ విత్తనానికే కనీస మొలక శాతం 60, కాబట్టి నూటికి నూరు ఆశించకండి.

విత్తనానికి వదిలిన కాయను గోరు దిగనంత గట్టిపడి, ఎండుగడ్డి రంగుకు తిరిగాకే కోయాలి. కోశాక మరో రెండు వారాలు నీడన ఉంచి గింజ తీయండి.

పప్పు బాగున్నా మొలవకపోతే అడ్డం పెంకే. అందులోని రాతికణాల పొర గట్టిది. దాని కింద పప్పును చుట్టుకున్న పలుచటి పొర గాలిని సరిగా పోనివ్వదు. గింజ పక్క అంచులను గరుకు కాగితంతో కాస్త రుద్ది, 12 గంటలు నానబెట్టి, తడి గుడ్డలో చుట్టి వెచ్చని చోట పెట్టండి. రోజు దాటి నీళ్లలో ఉంచితే గాలాడక పిండం చస్తుంది. ట్రేలో కొబ్బరిపొట్టు కూడా పిండితే నీరు కారనంత తడిగా ఉంటే చాలు.

ఇక టోపీ సంగతి. మొలక వేరు, కాండం కలిసే చోట చిన్న బుడిపె లేస్తుంది. అది కింది పెంకును అదిమి పడితే, పైకి సాగే కాండం బీజదళాలను, అంటే మొలకకు మొదట వచ్చే జంట ఆకులను, బయటికి లాగుతుంది. గింజ మరీ పైపైన పడినా, నిలువుగా గుచ్చినా, పైమట్టి ఎండినా ఈ పట్టు కుదరదు. అందుకే గింజను పడుకోబెట్టి, 2 సెంటీమీటర్ల లోతున వేయండి. ఇప్పటికే టోపీతో ఉన్న మొక్కలపై పొద్దున్నే నీళ్లు చిలకరించి, పెంకు మెత్తబడ్డాక నెమ్మదిగా తీయండి. ఎండు పెంకును లాగితే బీజదళాలు తెగివస్తాయి.