తొమ్మిదింటి వార్తలు ఫోన్లోకి వచ్చాక: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: రాత్రి తొమ్మిదింటికి వార్తలు పెడితే డిగ్రీ చదివే మా పిల్లలిద్దరూ లేచి వెళ్లిపోతారు. ‘పొద్దున్నే ఫోన్లో చూసేశాం’ అంటారు. నిజంగా వాళ్లకు ఏమైనా తెలుస్తోందా? – పాఠకురాలు, తెనాలి

జవాబు: వాళ్లు చెప్పేది చాలావరకు నిజమేనమ్మా. మీరు చూసే ఛానెల్ వాళ్లే ఆ బులెటిన్ని ముక్కలు చేసి యూట్యూబ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్నారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక ఎవరి ఫోన్ వాళ్లదైంది, రిమోట్ కోసం కొట్లాట తీరింది. నలుగురు ఒకేసారి అరిచే గంట చర్చలో అసలు సంగతి రెండు నిమిషాలేనని పిల్లలు ఎప్పుడో కనిపెట్టేశారు. మనకే ఆలస్యంగా తెలిసింది.

పోయింది మరొకటుంది. బులెటిన్‌కి ఒక వరస ఉండేది: ముఖ్యాంశాలు, రాష్ట్రం, దేశం, విదేశాలు, ఆటలు, వాతావరణం. క్రికెట్ స్కోరు కోసం కూర్చున్నవాడి చెవిన కృష్ణా జలాల తగాదా కూడా పడేది. ఫోన్లో ఆ వరస లేదు. మీరు ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగారో యాప్ చూసుకుని అలాంటివే తెచ్చి పోస్తుంది. ఒక సినిమా గొడవ రెండుసార్లు చూశారా, వారమంతా అదే.

దీనికి విరుగుడు ఉంది. యూట్యూబ్‌లో అక్కర్లేని వీడియో పక్కన మూడు చుక్కలు నొక్కి ‘ఆసక్తి లేదు’ ఎంచుకోమనండి. ఛానెలే వద్దనుకుంటే దాన్ని సిఫార్సు చేయొద్దనే వీలూ అక్కడే ఉంటుంది. చూసిన వీడియోల హిస్టరీలోంచి కూడా వాటిని తీసేయాలి. అవి అక్కడే ఉంటే మళ్లీ అలాంటివే వస్తాయి. రోజుకొక్క పూర్తి బులెటిన్ మాత్రం వినిపించండి. ‘న్యూస్ ఆన్ ఎయిర్’ యాప్‌లో ఆకాశవాణి తెలుగు వార్తలు ఉంటాయి. కేకలుండవు, బస్సులోనైనా వినేయొచ్చు.

ప్రశ్న: వానలు పడితే చాలు, వాట్సాప్‌లో వరద వీడియోలు. పాతదో కొత్తదో పట్టుకునేదెలా? – విద్యార్థి, ఖమ్మం

జవాబు: 2024 సెప్టెంబరు నాటి మీ ఖమ్మం మున్నేరు వరదని ఏ ఏటి వానకైనా అంటించొచ్చు, నీళ్లమీద తేదీ రాసి ఉండదు కదా. వంతెనో దుకాణం బోర్డో స్పష్టంగా కనిపించే చోట వీడియో ఆపి స్క్రీన్‌షాట్ తీయండి. ఛానెల్ లోగో, కింద పరిగెత్తే స్క్రోలింగ్ కత్తిరించాకే, బొమ్మతో వెదికిపెట్టే గూగుల్ లెన్స్‌లో వేయండి. లేకపోతే అది బొమ్మను వదిలేసి అక్షరాలు వెదకొచ్చు. ఒక ఫ్రేమ్‌కి ఏమీ రాకపోతే మరో మూడు వేసి చూడండి. బోర్డు మీద అక్షరాలు అద్దంలోలా తిరగబడి ఉంటే వీడియోను తిప్పి ఉండొచ్చు. స్క్రీన్‌షాట్‌ను కూడా తిప్పి వెదకండి.

బండ్ల నంబర్లూ చూడండి. తెలంగాణ బండ్లకు ‘టీజీ’ ప్లేటు 2024 మార్చి నుంచే వచ్చింది కాబట్టి, అది కనిపించిన వీడియో అంతకుముందుది కాదు. ‘టీఎస్’ ఉంటే మాత్రం ఏమీ తేలదు, పాత బండ్లు ఇప్పటికీ దానితోనే తిరుగుతున్నాయి. ఇక మెసేజ్ మీద రెండు బాణాలుంటే, అది కనీసం ఐదు చేతులు మారి మీదాకా వచ్చిందని అర్థం. పంపినవాణ్ని అడిగినా లాభం లేదు, అతనికీ తెలియదు.

ప్రశ్న: టీవీకి వార్తలు పంపేవాణ్ని. సొంత యూట్యూబ్ ఛానెల్ పెడితే ప్రకటనల డబ్బు ఎప్పటికి వస్తుంది? – పాఠకుడు, కదిరి

జవాబు: 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, వాళ్లతోపాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. లేదా ఆ గంటలకు బదులు 90 రోజుల్లో షార్ట్స్‌కి (నిలువు చిట్టి వీడియోలకి) కోటి వ్యూలు రావాలి. లెక్క వేసుకోండి: మనిషికి సగటున రెండు నిమిషాలు చూస్తే 4,000 గంటలకు 1,20,000 వ్యూలు కావాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ గంటల్లో కలవదు, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. టీవీ క్లిప్పులు ఎత్తి పెట్టకండి. 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు (ఇతరుల వీడియో వాడారన్న హెచ్చరికలు) పడితే ఛానెలే ఎగిరిపోవచ్చు. కెమెరా కన్నా ముందు కాలర్ మైకు కొనండి. సంతలో గాలి హోరుకి రైతు మాట వినపడకపోతే చూసేవాడు వేలితో పైకి తోసేస్తాడు.