జాతరలో ఫ్లెక్సీలన్నీ తీసేసి ఎల్‌ఈడీ స్క్రీన్లే పెట్టొచ్చా?

అన్నిటికీ పెట్టకూడదు: గంటగంటకీ మారే సమాచారం స్క్రీన్ మీద, మారనిది అచ్చు బోర్డు మీద ఉండాలి. స్క్రీన్ ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తుంది. చంటిబిడ్డను ఎత్తుకుని మంచినీళ్లు ఎక్కడని వెతికే తల్లి, ప్రకటనలన్నీ తిరిగి ఆ బాణం గుర్తు వచ్చేదాకా నిలబడలేదు. పైగా కరెంటు పోతే స్క్రీన్ నల్లబడిపోతుంది, బయటికి దారి చూపే బోర్డు మరీ ముఖ్యమయ్యేది సరిగ్గా అప్పుడే.

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరనే తీసుకోండి. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం అంటూ రోజుకో వేషం. ఈ రోజు ఏ వేషమో చెప్పడానికి స్క్రీన్ ఎంతో మేలు, రోజుకో ఫ్లెక్సీ కొట్టించే పని తప్పుతుంది. చెప్పుల స్టాండు, క్యూ దారి మాత్రం అచ్చు బోర్డులే.

చాలామంది పొరబడేది స్క్రీన్ నంబరు దగ్గర. పీ6 అంటే పీ3 కంటే మెరుగని కాదు. ఆ అంకె స్క్రీన్ మీద వెలిగే రెండు చుక్కల మధ్య దూరం, మిల్లీమీటర్లలో. తక్కువైతేనే దగ్గరికి స్పష్టంగా కనిపిస్తుంది. పీ6ను సుమారు 6 మీటర్ల దూరం నుంచి చూస్తేనే అక్షరాలు కుదురుగా ఉంటాయి.